ఏది ముందు పోతుందో అది ముందు: కుటుంబ ఫోటోలకు ఏడాది ప్లాన్

మీరు అడిగిందాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ఫోన్లో వేల ఫోటోలు పోగుపడ్డాయి. బీరువాలో పాత ఆల్బమ్‌లు, కవర్లలో విడి ఫోటోలు, నెగెటివ్‌లు, కొన్ని వీడియో క్యాసెట్లు ఉన్నాయి. ఏటా కొత్త సంవత్సరం మొదట్లో హుషారుగా పని మొదలుపెడతారు, రెండు మూడు నెలలకే ఆగిపోతుంది. ఈసారి ఏడాది పొడవునా నడిచే ప్లాన్ కావాలి. స్కాన్ చేసేశాక అసలు ఫోటోలు పారేయొచ్చా అని కూడా అడిగారు.

కుటుంబాల ఫోటోలు, ఉత్తరాలు, క్యాసెట్లు సర్దిపెట్టే పని నేను చాలాకాలంగా చేస్తున్నాను. పని మధ్యలో ఆగిపోయిన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే కారణం ఒకటే: పనిని ఏళ్ల వరుసలో పెట్టుకోవడం. అన్నిటికంటే పాత ఫోటో దగ్గర మొదలుపెట్టి ఇవాళ్టిదాకా రావాలనుకుంటారు. అలా చేస్తే 1985 దగ్గరే ఏడాది అయిపోతుంది. ఈలోగా ఫోన్ పోతుంది, క్యాసెట్‌కు బూజు పడుతుంది, ఫోటోల్లో ఉన్నవాళ్ళ పేర్లు తెలిసిన ఒకే ఒక్క పెద్దావిడ మంచాన పడుతుంది. అందుకే నేను చెప్పే వరుస వేరు. ఏది ముందు పోయే ప్రమాదం ఉందో దాన్ని ముందు పట్టుకోండి. అది పాతదా కొత్తదా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

అలా చూస్తే వరుస ఇలా వస్తుంది: ఫోన్లో మాత్రమే ఉన్నవి, పెద్దవాళ్ళ జ్ఞాపకంలో మాత్రమే ఉన్నవి, క్యాసెట్లలో ఉన్నవి, రంగు ఫోటోలు, నలుపు తెలుపు ఫోటోలు, అన్నిటికంటే చివర ఆల్బమ్ తయారీ. చాలామందికి ఆల్బమ్ చేయడమే ఇష్టమైన పని కాబట్టి దాంతోనే మొదలుపెడతారు. కానీ వీటన్నిటిలో ఎన్నాళ్లు ఆగినా నష్టం లేనిది అదొక్కటే.

మొదటి వారం: సర్దకండి, కాపీ తీయండి

ఫోన్లో ఉన్నవన్నీ, డూప్లికేట్లతో సహా, ఉన్నవి ఉన్నట్టు ఒక బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. ఏవి పనికొస్తాయి, ఏవి అనవసరం అని ఇప్పుడు చూడొద్దు. ఆ ఎంపిక మొదలుపెడితే కాపీ ఎప్పటికీ పూర్తికాదు.

క్లౌడ్‌లో ఉన్నాయి కదా, ఇంకేం టెన్షన్ అని మీకు అనిపించవచ్చు. ఫోన్‌కూ క్లౌడ్‌కూ మధ్య జరిగేది చాలావరకు సింక్. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటో డిలీట్ చేశాక 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, ఐక్లౌడ్‌లో అయితే 30 రోజులు. ఆ గడువు దాటాక గుర్తొస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. ఇంకో చిక్కు కూడా ఉంది. గూగుల్ ఫోటోస్‌లో ఉచితంగా ఎన్నయినా దాచుకునే సౌకర్యం 2021 జూన్ 1తో ఆగిపోయింది. అప్పటినుంచి మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ కలిపి 15 జీబీ మాత్రమే ఉచితం. అది నిండగానే బ్యాకప్ ఆగుతుంది. నోటిఫికేషన్ వస్తుంది, మనం పక్కకు తోసేస్తాం. నెలల తరబడి బ్యాకప్ ఆగిపోయిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం నేను తరచూ చూసే విషయం. మీ ఫోన్లో బ్యాకప్ చివరిసారి ఎప్పుడు పూర్తయిందో ఇవాళే చూడండి.

ఈ రంగంలో అందరూ చెప్పుకునే 3-2-1 సూత్రం ఒకటుంది. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల్లో, వాటిలో ఒకటి ఇంటి బయట. ఫోన్, ఇంట్లో హార్డ్ డిస్క్, క్లౌడ్ ఉంటే సరిపోయినట్టే. క్లౌడ్ వద్దనుకుంటే రెండో హార్డ్ డిస్క్‌ను వేరే ఊళ్ళో ఉండే అన్నయ్య ఇంట్లోనో అక్క ఇంట్లోనో ఉంచి, కలిసినప్పుడల్లా మార్చుకోండి. పెన్ డ్రైవ్‌ను మాత్రం దీర్ఘకాలం దాచే చోటుగా లెక్కపెట్టకండి. అది ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్ళడానికి పనికొస్తుంది, అంతే.

వాట్సాప్ గ్రూపుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. చాలా కుటుంబాలకు ఫోటోలు అసలు ఉండే చోటు అదే అయిపోయింది. కానీ మామూలుగా పంపిన ఫోటోను వాట్సాప్ కుదించి పంపుతుంది. ఫోటో తీసిన తేదీ, స్థలం లాంటి వివరాలు ఫైల్‌లో దాగి ఉంటాయి, వాటినీ తీసేస్తుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ ఆప్షన్‌తో నాణ్యత మెరుగైంది, అయినా అది అసలు ఫైల్ కాదు. కాబట్టి ముఖ్యమైన ఫోటో ఎవరైనా గ్రూపులో పెడితే, దాన్నే డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. లేదా అందరూ అసలు ఫైళ్ళు వేసేలా ఒక షేర్డ్ ఆల్బమ్ పెట్టండి. ఫంక్షన్ అయిన వారంలోపే అడగాలి. ఆర్నెల్ల తర్వాత అడిగితే వాళ్ళు ఫోన్ మార్చేసి ఉంటారు.

మొదటి మూడు నెలలు: పెద్దవాళ్ళతో కూర్చోండి

ఏడాది మొత్తంలో ఒక్క పనికే మీకు తీరిక దొరుకుతుందంటే ఇదే చేయండి. క్యాసెట్టును ఇంకో ఏడాది తర్వాతైనా ఎక్కడో ఒకచోట డిజిటల్‌లోకి మార్పించుకోవచ్చు. పేరు తెలియని ముఖానికి పేరు చెప్పే యంత్రం మాత్రం ఎక్కడా దొరకదు. పది మంది నిలబడిన గ్రూప్ ఫోటోలో ఇద్దరి పేర్లే తెలిసి, మిగతా ఎనిమిది మంది శాశ్వతంగా అనామకులు కావడం చూస్తే నాకు ఇప్పటికీ మనసు కష్టంగా ఉంటుంది. ఆ పేర్లు తెలిసినవాళ్ళు చాలాకాలం పక్క గదిలోనే ఉండి ఉంటారు, ఎవరూ అడిగి ఉండరు.

మొత్తం ఆల్బమ్ తెచ్చి ముందు పెట్టకండి, వాళ్ళు అలిసిపోతారు. ముందుగా పదిహేను ఇరవై ఫోటోలు ఎంచుకోండి. ప్రతి దానికీ ఒక నంబర్ ఇవ్వండి. నంబర్ ఫోటో మీద కాదు, కవర్ మీద రాయాలి. కళ్ళు సరిగా కనిపించనివాళ్ళకు ఆ ఫోటోలను ఫోన్‌తో తీసి టాబ్లెట్‌లో పెద్దవి చేసి చూపించండి. మూలన నిలబడ్డ మనిషిని దగ్గరగా చూపించగానే ఎన్నో పేర్లు బయటికొస్తాయి. పక్కన ఇంకో ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పెట్టండి. ఒక్కో ఫోటో చేతిలోకి తీసుకున్నప్పుడల్లా "ఇది 14వ నంబర్ ఫోటో" అని మీరు పైకి అనాలి. ఇది చిన్న విషయమే, కానీ ఇది లేకపోతే తర్వాత వింటున్నప్పుడు "ఈమె మా సరోజ" అన్నది ఏ ఫోటో గురించో తెలియదు. ఒక్కో విడత అరగంట, మహా అయితే ముప్పావు గంట చాలు.

"వీళ్ళెవరు?" అన్న ప్రశ్నతో ఆగిపోకండి. నాకు బాగా పనికొచ్చిన ప్రశ్నలు ఇవి: ఈ ఫోటో ఎవరు తీశారు? ఆ రోజు అక్కడ ఉండి కూడా ఫోటోలో లేనివాళ్ళెవరు? ఈ ఇల్లు ఎవరిది, తర్వాత ఏమైంది? ఆ చేతిలో ఉన్నదేంటి? ఈ ఫోటో తీసిన ఏడాది మీరు దేని గురించి బెంగపెట్టుకుని ఉన్నారు? చివరి ప్రశ్నకు వచ్చే జవాబులు చాలాసార్లు ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ విననివి. అడిగాక ఆగండి. వాళ్ళు ఆలోచిస్తుంటే మీరు మాటతో నింపేయకండి. ఇద్దరు పెద్దవాళ్ళు రెండు రకాలుగా చెబితే ఎవరిది నిజమో తేల్చే పని మీది కాదు. ఇద్దరిదీ రాసి, ఎవరు ఏం చెప్పారో పక్కనే రాయండి.

రాసుకునేటప్పుడు వరస పెట్టి రాయకండి, పేరు పెట్టి రాయండి. "పెద్దమ్మ, చిన్న బాబాయి" అని రాస్తే అది రాసిన మనిషికి మాత్రమే అర్థమవుతుంది. మీ పెద్దమ్మ మీ పిల్లలకు అమ్మమ్మ వరస, మీ మేనల్లుడి పిల్లలకు ఇంకో వరస. పూర్తి పేరు, ఇంటిపేరు, తెలిస్తే పుట్టిన ఏడు, ఆ తర్వాత "ఫలానావారి అక్క" అని రాస్తే నలభై ఏళ్ల తర్వాత చదివే మనవరాలికీ అర్థమవుతుంది. ఒకే పేరు రెండు మూడు తరాల్లో ఉన్న కుటుంబాల్లో పుట్టిన ఏడు తప్పకుండా ఉండాలి.

తేదీ తెలియకపోతే తెలిసినంతే రాయండి: "సుమారు 1974", "1970ల మొదట్లో". కచ్చితంగా తెలియని తేదీని కచ్చితమైనదిగా రాస్తే తర్వాతివాళ్ళు దాన్నే నమ్ముతారు. కొన్ని పాత ప్రింట్ల అంచు మీద నెల, ఏడు ముద్రించి ఉంటాయి. అది ఫోటో కడిగించిన తేదీ. రీలు అయ్యేదాకా నెలల తరబడి కెమెరాలోనే ఉండేది కాబట్టి ఫోటో తీసింది అంతకుముందు ఎప్పుడో అయి ఉండొచ్చు. తేదీ పట్టుకోవడానికి అన్నిటికంటే నమ్మకమైన ఆధారం ఫోటోలో ఉన్న చంటిపిల్ల. ఆమె పుట్టిన ఏడు తెలిస్తే మిగతాది లెక్క కట్టొచ్చు.

నాలుగో నెల: క్యాసెట్లు, పాత ఫోన్లు, సీడీలు

వీహెచ్‌ఎస్ క్యాసెట్లు 1976లో వచ్చాయి. వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి కంపెనీగా పేరున్న జపాన్‌కు చెందిన ఫునాయ్ 2016లో ఆ తయారీ ఆపేసింది. అంటే టేపు పాడవుతోంది, ఆడించే యంత్రాలూ తగ్గిపోతున్నాయి, రెండువైపుల నుంచీ గడువు దగ్గరపడుతోంది. అందుకే కాగితం ఫోటోల కంటే ముందు వీటిని పెట్టాను. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్టల మీద తెల్లటి పొడిలా, మచ్చల్లా కనిపిస్తే అది బూజు. దాన్ని ఇంట్లో వీసీఆర్‌లో పెట్టొద్దు. టేపూ తెగుతుంది, ఆ యంత్రంలో పెట్టిన తర్వాతి క్యాసెట్లకూ బూజు అంటుకుంటుంది. శుభ్రం చేసి మార్చే నిపుణులకు ఇవ్వండి. ఇచ్చేముందు ప్రతి క్యాసెట్‌కూ నంబర్ వేసి, బయట ఏం రాసి ఉందో ఫోటో తీసి పెట్టుకోండి. మార్చిన ఫైళ్ళు వచ్చాక కూడా క్యాసెట్లు వెనక్కి తీసుకోండి, పారేయొద్దు.

ఆడియో క్యాసెట్లను చాలామంది మర్చిపోతారు. పాటల క్యాసెట్ అనుకున్నదానిలో మధ్యలో ఎక్కడో తాతగారి గొంతు ఉండొచ్చు. ఒక్కసారి మొత్తం వినండి.

సీడీలు, డీవీడీల్లో రాయించుకున్న పెళ్ళి వీడియోలు, ఫోటోలు ఉంటే ఇప్పుడే హార్డ్ డిస్క్‌లోకి తీయండి. కొత్త లాప్‌టాప్‌లలో వాటిని పెట్టే డ్రైవే ఉండటం లేదు. సొరుగులో పడి ఉన్న పాత ఫోన్లను ఛార్జ్ చేసి చూడండి. అయితే బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జర్ పెట్టొద్దు, సర్వీస్ వాళ్ళకు చూపించండి.

అయిదో నెల నుంచి తొమ్మిదో నెల దాకా: స్కానింగ్

ఇక్కడ కూడా అదే సూత్రం. నలుపు తెలుపు ఫోటోలు పాతవి కాబట్టి ముందు అవే స్కాన్ చేయాలనిపిస్తుంది. కానీ సరిగా కడిగిన నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ వెండితో ఏర్పడి ఉంటుంది, చాలాకాలం నిలుస్తుంది. 1960ల నుంచి 80ల దాకా వచ్చిన రంగు ప్రింట్లలో ఉన్నది రసాయన రంగు. చీకట్లో, మూసిన ఆల్బమ్‌లో ఉన్నా అది వెలిసిపోతూనే ఉంటుంది. ఆ కాలపు ఫోటోలు ఎర్రగానో పసుపుగానో మారిపోవడం మీరు చూసే ఉంటారు. కాబట్టి తాతగారి పెళ్ళి ఫోటో కంటే మీ చిన్నప్పటి ఫోటోలకే తొందర ఎక్కువ.

స్కానర్ సెట్టింగుల దగ్గర ఎక్కువమంది తికమక పడతారు, కానీ నిజానికి గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్నే. మామూలు 4×6 అంగుళాల ప్రింటుకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) చాలు, దాంతో 2400×3600 పిక్సెళ్ళ ఫైల్ వస్తుంది, రెట్టింపు సైజు ప్రింట్ వేసుకోవచ్చు. పాస్‌పోర్ట్ సైజు లాంటి చిన్న ఫోటోలకు 1200 పెట్టండి. నెగెటివ్‌లు ఉంటే ప్రింట్ల కంటే వాటినే స్కాన్ చేయడం మేలు, ప్రింటులో లేని వివరాలు వాటిలో ఉంటాయి. 35 మిల్లీమీటర్ల నెగెటివ్ ఫ్రేమ్ 36×24 మిల్లీమీటర్లే కాబట్టి కనీసం 2400 డీపీఐ కావాలి, వీలైతే 4000. అందుకు పైమూతలో కూడా లైట్ ఉండే స్కానర్ అవసరం. ఆటో కలర్, షార్ప్ లాంటివి ఆపేయండి. సరిదిద్దడం తర్వాత కాపీ మీద చేసుకోవచ్చు.

మామూలు ఫోటోలకు ఎక్కువ నాణ్యతలో జేపెగ్ చాలు. కానీ జేపెగ్‌ను మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది కాబట్టి మొదటి స్కాన్‌ను ముట్టుకోకుండా ఉంచి, కాపీని ఎడిట్ చేయండి. ఎంతో విలువైనవి, పాడైపోయినవి, బాగుచేయించాల్సినవి మాత్రం సేవ్ చేసినా నాణ్యత పోని టిఫ్ ఫైల్‌గా పెట్టండి. ఫోటో వెనక ఏదైనా రాసి ఉంటే ఆ వైపు కూడా స్కాన్ చేయండి. ఆ చేతిరాత కూడా ఆ మనిషి గుర్తే.

స్కానర్ లేకపోయినా, బంధువుల ఇంట్లో ఆల్బమ్ బయటికి ఇవ్వడం వాళ్ళకు ఇష్టం లేకపోయినా, ఫోన్‌తో తీయండి. కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను ఫోటోకు సమాంతరంగా పట్టుకుని తీయాలి. మెరుపు పడకుండా తీసే ఫోటోస్కాన్ లాంటి యాప్‌లూ ఉన్నాయి. ఒక్కటి గుర్తుంచుకోండి. ఇలా తీసినా, స్కాన్ చేసినా ఫైల్ మీద ఇవాళ్టి తేదీయే పడుతుంది. 1968 నాటి ఫోటో ఈ నెల ఫోటోల మధ్య వచ్చి కూర్చుంటుంది. ఫోటో వివరాల్లోకి వెళ్ళి తేదీ మార్చండి. అన్నీ అయ్యాక ఒకేసారి మారుద్దామనుకుంటే అది పెద్ద కొండలా పేరుకుంటుంది, ఏ రోజువి ఆ రోజే మార్చేయండి.

అంటుకునే పేజీలు, పైన ప్లాస్టిక్ షీటు ఉండే పాత ఆల్బమ్‌ల దగ్గర జాగ్రత్త. ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పసుపురంగుకు తిరిగి ఫోటోను పట్టేస్తుంది. ముందు పేజీ మొత్తాన్ని ఒక ఫోటో తీయండి. ఏ ఫోటో పక్కన ఏది పెట్టారన్నది కూడా సమాచారమే, ఆల్బమ్ పెట్టినవాళ్ళు ఏదో అనుకునే అలా పెట్టి ఉంటారు. తర్వాత పళ్ళు శుభ్రం చేసుకునే సన్నటి దారం, అదే డెంటల్ ఫ్లాస్, ఫోటో వెనక పెట్టి రంపంలా మెల్లగా జరపండి. రాకపోతే వదిలేసి పేజీ మీదే స్కాన్ చేయండి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను అసలు లాగొద్దు, బొమ్మ అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయండి.

పన్నెండు నెలలూ: నెలకు ఒక గంట

పైవన్నీ పాతవాటి సంగతి. ఈ ఏడాది ఫోటోలు వచ్చే ఏడాదికి పాత భారం కాకుండా ఉండాలంటే నెలకు ఒక గంట కేటాయించాలి. రోజూ కాసేపు చేద్దామనుకున్నవాళ్ళు ఎక్కువకాలం నడపలేకపోవడం చూశాను. ఏడాదికోసారి అనుకుంటే ఏ ఫోటో ఎందుకు తీశామో మర్చిపోతాం. నెల సరైన కొలత, జరిగినవి ఇంకా గుర్తుంటాయి.

ఆ గంటలో డిలీట్ చేయడంతో మొదలుపెట్టకండి. ఏది తీసేయాలా అని ప్రతి ఫోటో దగ్గరా ఆలోచిస్తూ కూర్చుంటే గంట అక్కడే అయిపోతుంది. ఏవి ఉండాలో ఎంచుకోండి. ఆ నెలలోవి పదిహేను ఫోటోలకు ఫేవరెట్ గుర్తు పెట్టండి. మిగతావి ఉంటే ఉండనివ్వండి. స్క్రీన్‌షాట్లు, ఫార్వర్డ్ మెసేజ్‌ల బొమ్మలు మాత్రం వేరే ఫోల్డర్లలో ఉంటాయి కాబట్టి చూసి ఒకేసారి తీసేయొచ్చు. తర్వాత ఆ పదిహేనుకూ ఒక్కో వాక్యం రాసి, నెల ఫోటోలన్నీ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఎంచుకున్నవాటికి వేరే ఫోల్డర్ పెట్టండి.

ఆ వాక్యంలో ఫోటోలో కనిపించేది రాయకండి, కనిపించనిది రాయండి. "పాప పుట్టినరోజు" అని కేక్ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. "జ్వరం తగ్గిన మర్నాడు, దీపాలు ఆర్పే ఓపిక కూడా లేదు, వాళ్ళన్నయ్య ఊది పెట్టాడు" అన్నది మీరు రాస్తేనే ఉంటుంది.

ఫోల్డర్లకు పేర్లు ఏడు, నెల, రోజు వరుసలో పెట్టండి: 2025-03-16 ఇలా. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 చెప్పే వరుస ఇదే. దీనివల్ల కంప్యూటర్ వాటిని తనంతట తానే కాలక్రమంలో పేరుస్తుంది. ఏడాదికి ఒక ఫోల్డర్, అందులో నెలలు, అంతే. "పెళ్ళిళ్ళు", "ప్రయాణాలు", "పిల్లలు" అని ఫోల్డర్లు పెడితే, పిల్లలతో పెళ్ళికి ప్రయాణమై వెళ్ళిన ఫోటో ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న దగ్గరే పని ఆగుతుంది. అలాంటి విషయాల వారీ విభజన యాప్‌లోని ఆల్బమ్‌లతో చేసుకోవచ్చు, ఒకే ఫోటో మూడు ఆల్బమ్‌లలో ఉన్నా ఇబ్బంది లేదు.

ఏడాది మధ్యలో ఒకసారి, అప్పటిదాకా ఎంచుకున్న ఫోటోలన్నీ వరుసగా చూసి, ఇంట్లో ఎవరు లేరో గమనించండి. ఎప్పుడూ ఫోటో తీసే మనిషి వాటిలో ఉండరు, చాలా ఇళ్ళలో ఆ మనిషి అమ్మే. మొహమాటంతో పక్కకు తప్పుకునేవాళ్ళూ ఉంటారు. మిగిలిన ఆరు నెలల్లో ఆ లోటు పూడ్చండి. అలాగే పండగలు, ఫంక్షన్లే కాకుండా మామూలు రోజునీ తీయండి: ఇప్పుడున్న ఇంట్లో ఒక్కో గది, నాన్న కూర్చునే కుర్చీ, అమ్మ చేతిరాతలో ఉన్న సరుకుల చీటీ, పిల్లల బడి సంచీ. పాత ఆల్బమ్‌లు తిరగేసేటప్పుడు మనం ముఖాల తర్వాత వెతికేది వెనక గోడనీ, బల్ల మీది వస్తువులనీ కదా.

పిల్లల బొమ్మలు, ప్రోగ్రెస్ కార్డులు, ఉత్తరాలు అన్నీ దాచడం కుదరదు. ఒక్కొక్కరికి ఒక పెట్టె, ఏడాదికి ఒక కవరు. పట్టనివి ఫోటో తీసి ఉంచండి, బొమ్మను వేసిన పిల్లాడి చేత పట్టించి మరీ తీయండి.

ఒక నెల తప్పిపోతే? ముందు ఈ నెల పని చేయండి. వీలుంటే తర్వాత తప్పిన నెల చూడండి. వీలుకాకపోతే ఆ నెలలో నాలుగు ఫోటోలు ఎంచి వదిలేయండి. బాకీ తీర్చాకే ముందుకు వెళ్ళాలనుకోవడం వల్లే మార్చిలో పనులు ఆగిపోయేది.

పదో నెల నుంచి: ఆల్బమ్

అప్పటికి మీ దగ్గర దాదాపు 150 ఎంచుకున్న ఫోటోలు, వాటి వాక్యాలతో సహా సిద్ధంగా ఉంటాయి. వాటిలోంచి 80 దాకా తీసుకోండి. ప్రతి సందర్భానికీ సమానంగా పేజీలు ఇవ్వాల్సిన పని లేదు. ఇల్లు మారిన సందర్భానికి ఆరు పేజీలు, పెద్ద ప్రయాణానికి రెండు పేజీలు సరిపోతే అలాగే ఉండనివ్వండి.

మంచి ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్ళు లెక్క. 4×6కు 1200×1800, 8×10కు 2400×3000 కావాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో ఫోన్లో చక్కగా కనిపించి, పేజీ నిండా వేస్తే మసగ్గా రావడానికి కారణం ఇదే. అవి చిన్న సైజులో వాడండి. రెండు పేజీల మీద పరిచిన ఫోటోలో ఎవరి ముఖమూ మధ్య మడతలో పడకుండా చూసుకోండి. ప్రింటుకు పంపేముందు పేర్లన్నీ మీరు కాక ఇంకొకరు చదవాలి. వీలైతే రెండు కాపీలు వేయించండి, ఒకటి పెద్దవాళ్ళ దగ్గర ఉంటుంది.

ఇదే సమయంలో ఒక సాయంత్రం ఖాతాల సంగతి చూడండి. ఫోటోలన్నీ ఒక్కరి ఖాతాలో ఉండి, ఆ ఒక్కరు లేకపోతే తాళం ఎవరి దగ్గరా ఉండదు. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే ఏర్పాటు ఉంది, కొంతకాలం మీరు ఖాతా వాడకపోతే మీరు చెప్పిన మనిషికి సమాచారం వెళుతుంది, ఫోటోలు తీసుకునే వీలు కూడా ఇవ్వొచ్చు. యాపిల్‌లో అలాంటిదే, మీ తర్వాత ఖాతా చూసే మనిషిని ముందే చెప్పి ఉంచే లెగసీ కాంటాక్ట్, 2021 చివర్లో వచ్చింది. రెండేళ్ళు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చని గూగుల్ 2023లో నిబంధన మార్చింది కూడా. కాబట్టి చనిపోయినవారి ఖాతాలో ఫోటోలు ఉన్నాయని తెలిస్తే వెంటనే కదలాలి.

ఇక అసలు ఫోటోలు పారేయొచ్చా అన్న ప్రశ్న

వద్దు. ఒకే ఫోటోకు నాలుగు ప్రింట్లు ఉంటే బంధువులకు పంచండి. చేయి కదిలి మసకబారినవి, ఎక్కడిదో తెలియని కొండా ఆకాశమూ మాత్రమే ఉన్నవి తీసేయండి. మనుషులు ఉన్న ప్రింట్లు, నెగెటివ్‌లు అన్నీ ఉంచండి. ఇవాళ్టి స్కాన్ కంటే మంచి స్కాన్ రేపు వస్తుంది, అప్పుడు అసలు కావాలి. హార్డ్ డిస్క్ పాడైన రోజున కూడా మిగిలేది కాగితమే.

ఉంచడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పీవీసీ కవర్లు వద్దు, వాటినుంచి వచ్చే రసాయనాలు ఫోటోను పాడుచేస్తాయి. పాలీప్రొపిలీన్, పాలియెస్టర్ కవర్లు గానీ, ఆమ్లం లేని కాగితం కవర్లు గానీ వాడండి. ఫోటోలకు హాని చేయదని పరీక్షించే ప్రమాణం ఐఎస్‌ఓ 18916, అంటే ఫోటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్. కొనేటప్పుడు అది పాసైందా అని చూస్తే చాలు. రబ్బరు బ్యాండ్లు, పిన్నులు, సెల్లో టేపు తీసేయండి. వెనక రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర, నొక్కకుండా రాయండి. బాల్ పెన్ ముందువైపు గాటు పెడుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్తరకం ప్రింట్ల మీద పెన్సిల్ పడదు, వాటికి కవరు మీదే రాయాలి.

పెట్టె ఎక్కడ పెడతారన్నది పెట్టె ఖరీదు కంటే ముఖ్యం. అటక మీద వేడి, నేల మీద తేమ. మనుషులు మసలే గదిలో, బయటి గోడకు ఆనని బీరువాలో, మధ్య అరలో పెట్టండి. నెగెటివ్‌లను ప్రింట్లతో కలిపి పెట్టకండి, వేరే గదిలోనో వేరే ఇంట్లోనో ఉంటే ఒకటి పోయినా రెండోది ఉంటుంది. గోడకు తగిలించాలనుకుంటే స్కాన్ నుంచి తీసిన కొత్త ప్రింట్ తగిలించి, అసలును వెలుతురుకు దూరంగా ఉంచండి. ఎప్పుడైనా తడిస్తే ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఆరనివ్వకండి. మంచినీళ్ళలో మెల్లగా కడిగి, బొమ్మవైపు పైకి పెట్టి, విడివిడిగా నీడలో ఆరబెట్టండి. రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది కాబట్టి అంతలోపు ఆరబెట్టడం కుదరకపోతే మధ్యలో మైనపు కాగితం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచి, తీరిక దొరికినప్పుడు కొన్ని కొన్నిగా తీసి ఆరబెట్టుకోవచ్చు.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ మధ్య ఆల్బమ్ ఎవరి దగ్గర ఉండాలన్న మాట వస్తే, స్కాన్లు అందరికీ ఇచ్చేసి, అసలు ఎవరి దగ్గర ఏది ఉందో ఒక కాగితం మీద రాసి, దాని కాపీ ప్రతి ఇంట్లోనూ ఉంచండి. ఎవరైనా ఇల్లు మారినప్పుడల్లా ఆ కాగితాన్ని కూడా మార్చాలి.